ఉద్యోగం వదలకుండా సొంత గేమ్: అనంతపురం తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న: "అన్నా, మాది అనంతపురం. బీటెక్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. సొంతంగా ఒక గేమ్ తయారు చేయాలని ఎప్పటి నుంచో కోరిక. ఆరు నెలలుగా యూట్యూబ్‌లో ట్యుటోరియల్స్ చూస్తున్నా, ఒక్క గేమ్ కూడా పూర్తి కాలేదు. రాయలసీమ ఫ్యాక్షన్ మీద ఓపెన్ వరల్డ్ గేమ్ చేయాలని నా ఐడియా. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఉద్యోగం మానేసి ఒక ఏడాది కూర్చుంటే అవుతుందా? మా నాయనేమో 'ఆటలతో కడుపు నిండుతుందా' అంటున్నాడు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం. మానొద్దు.

నేను హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు కడపలో ఉంటున్నాను. పగలు షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడతాను, ఇల్లు గడిచేది దాంతోనే. రాత్రిళ్ళు, ఆదివారాలు నా గేమ్స్ నేను చేసుకుంటాను. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే, గేమ్ నన్ను పోషించాల్సిన పని లేదు. కాబట్టి అది నాకు నచ్చినట్టు ఉంటుంది. నెలాఖరు బియ్యం, కరెంటు బిల్లు అన్నీ గేమ్ మీదే పడితే, నువ్వు చేయాలనుకున్న గేమ్ పక్కకు పోయి, జనం కొంటారని నువ్వు ఊహించుకున్న గేమ్ ముందుకొస్తుంది. అదైనా కొంటారన్న గ్యారంటీ లేదు. ఒక్క 2024లోనే స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్స్ అమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణం) 18 వేలకు పైగా కొత్త గేమ్స్ వచ్చాయి. రోజుకు దాదాపు 50. ఆ గుంపులో ఏడాది జీతం వదులుకుని దిగడం, అదీ ఇంతవరకు ఒక్క గేమ్ కూడా పూర్తి చేయకుండా దిగడం, నేనైతే ఎవరికీ చెప్పను.

ఒక్కడే కూర్చుని చేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే వ్యవసాయం గేమ్‌ను ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్ళు చేశాడు. కోడ్, బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఆయనవే. 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ ఏళ్ళలో ఆయన సియాటిల్‌లో ఒక థియేటర్లో పార్ట్‌టైమ్‌గా ప్రేక్షకులకు దారి చూపించే పని చేశాడు, ఇంట్లో ఆయన స్నేహితురాలి జీతం ఆసరాగా ఉంది. 2024లో వచ్చిన 'బలాట్రో' కెనడాలో అసలు పేరు కూడా బయటపెట్టని ఒక మనిషి సరదాగా మొదలుపెట్టిన పేకముక్కల గేమ్, అది లక్షల కాపీలు అమ్ముడైంది. ఇలాంటి కథలు చదివినప్పుడు చివర్లో వచ్చిన డబ్బు దగ్గరే మన కళ్ళు ఆగిపోతాయి. ఎవరూ అడగని, ఎవరూ ఎదురుచూడని రోజుల్లో వాళ్ళు ప్రతి రాత్రీ కూర్చున్నారే, నీకు పనికొచ్చే భాగం అది.

ఇక మీ నాయన మాట. దాన్ని కొట్టిపారేయొద్దు. మన జిల్లాల్లో ఇంట్లో పెద్దవాళ్ళకు 'గేమ్' అనగానే గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు. వాటివల్ల అప్పులపాలైన ఇళ్ళు ప్రతి వీధిలో కనిపిస్తాయి. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆయన భయం అక్కడి నుంచి వస్తోంది. నువ్వు చేసేది అది కాదని ఎంత వాదించినా ఆయనకు ఎక్కదు. ఒక చిన్న గేమ్ చేసి, ఫోన్ ఆయన చేతికిచ్చి, ఆడమను. ఆయన బొటనవేలు తెర మీద కదిలిందంటే చాలు, ఆ తర్వాత మాట్లాడటం సులువవుతుంది.

ఓపెన్ వరల్డ్, అంటే ఆడేవాడు ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరిగే గేమ్, ఆ ఐడియా దగ్గరికొద్దాం. నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి కాదు గానీ, అందులో ఎంత పని ఉందో ఒకసారి లెక్కేసుకో. ఊరు కట్టాలి, ఊళ్ళో జనం నడవాలి, జీపులు తిరగాలి, జీపు గోడకు గుద్దుకుంటే ఏమవుతుందో రాయాలి, మనిషి జీపు ఎక్కడం, దిగడం, పరుగెత్తడం, పడిపోవడం ఒక్కోదానికి ఒక్కో యానిమేషన్ కావాలి. పోలీసులు ఎప్పుడు వస్తారో, ఎటు పారిపోతే మర్చిపోతారో ఆలోచించాలి. పెద్ద స్టూడియోల్లో వందలమంది ఏళ్ళ తరబడి చేసే పని ఇది. నీ ఆరు నెలలు వృథా అవడానికి నీ సోమరితనం కారణం కాదు. ఎంచుకున్నదే ఒక మనిషి మోయలేనంత పెద్దది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నా అభిప్రాయం. సీమ అంటే కత్తులు, సుమోలు, పేలే బాంబులు అని తెర మీద చూపించింది చాలు. మన దగ్గర ఇంతవరకు ఎవరూ గేమ్‌గా చేయనివి ఎన్ని లేవు! నీళ్ళ ట్యాంకరు కోసం బిందెల వరస, చెనక్కాయ వేసి వాన కోసం ఆకాశం చూడటం, పొలం అమ్మాలా బెంగుళూరు పోవాలా అన్న రాత్రి, నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు రంగులద్దే చేతులు, బెలూం గుహల్లో దీపం ఆరిపోతే ఏమవుతుందన్న భయం. ఇవన్నీ ఒక మనిషి కొన్ని నెలల్లో చేయగల సైజులో ఉన్నాయి. పైగా వీటిని నీకన్నా బాగా చేయగలిగేవాడు ప్రపంచంలో మరో చోట ఉండడు.

ఉదాహరణకు ఒకటి తీసుకుందాం. మీ జిల్లాలోనే వజ్రకరూరు ఉంది. తొలకరి పడగానే అక్కడా, కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లోనూ జనం తలొంచుకుని నడుస్తూ ఉంటారు. వాన మట్టిని కడిగేస్తుంది, రాళ్ళు పైకి తేలతాయి, ఎండ తగిలితే మెరుస్తాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు రోజంతా వెతుకుతారు. చాలామందికి ఏమీ దొరకదు. ఎవరికో ఒకరికి దొరికిందని విన్నాక మళ్ళీ మరుసటి రోజు వస్తారు. ఇందులో ఆశ ఉంది, ఎండ ఉంది, ఎక్కువ దూరం చూడాలా దగ్గరగా చూడాలా అన్న నిర్ణయం ఉంది. అంటే ఇందులో గేమ్ ఉంది.

దీన్ని ఎంత చిన్నది చేయొచ్చో చూడు. ఒకే చేను, ఒకే మనిషి, ఒక్క పగలు. పై నుంచి చూసే 2డీ తెర. పొద్దున నుంచి సాయంత్రం వరకు తొంభై సెకన్లు. ఎండకు ఎదురుగా నడిచినప్పుడు మాత్రమే రాళ్ళు మెరుస్తాయని ఒక నియమం పెట్టు. అప్పుడు ఆడేవాడు పొద్దున తూర్పు ముఖంగా, సాయంత్రం పడమటి ముఖంగా నడవాల్సి వస్తుంది, మధ్యాహ్నం నెత్తిన ఎండ ఉన్నప్పుడు ఏ వైపు మెరుపూ సరిగ్గా కనిపించదు. రాయి తీసి తుడిచి చూడటానికి రెండు సెకన్లు పడుతుంది. సంచిలో ఐదు రాళ్ళే పడతాయి. ఎక్కువ భాగం పలుగురాళ్ళే. సాయంత్రం వ్యాపారి వచ్చి, ఏది వజ్రమో చెప్పకుండా, మొత్తానికి ఒక ధర అంటాడు. ఇచ్చేస్తావా, రేపటిదాకా ఆగుతావా? అంతే, గేమ్ అయిపోయింది.

మొదటి వెర్షన్‌లో బొమ్మలేవీ వద్దు. మట్టిరంగు నేల, ఎర్ర డబ్బా మనిషి, తెల్ల చుక్కలు రాళ్ళు. ఈ డబ్బా, చుక్కలతోనే ఆడేవాడికి 'ఇంకొక్కసారి' అనిపించాలి. ఇక్కడ అనిపించకపోతే బొమ్మలు ఎంత అందంగా గీసినా అనిపించదు. ఈ దశలో నీ పని అంకెలు మార్చి చూడటమే. మెరుపు ఒక సెకను ఉంటే అందరికీ అన్నీ దొరుకుతాయి, చప్పగా ఉంటుంది. సెకనులో పదో వంతు పెడితే కళ్ళు పట్టుకోలేవు, చిరాకేస్తుంది. ఆ రెండిటి మధ్య ఎక్కడో ఆట పుడుతుంది. ఆ చోటు కోసం ఒక సాయంత్రమంతా అంకెలు తిప్పుతూ కూర్చోవడం నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నీకూ అది ఇష్టమైతే, ఈ పని నీదే.

ఒకటి గుర్తుపెట్టుకో. ఇది నీ వ్యక్తిగత ఇష్టం కోసం చేసుకునే పని కాబట్టే, పూర్తి చేయడం మరీ ముఖ్యం. ఆఫీసు పనిని పూర్తి చేయించడానికి మేనేజరు ఉంటాడు. దీనికి ఎవరూ ఉండరు. పూర్తి చేయడం అనేది గేమ్ ఆలోచించడం కన్నా, కోడ్ రాయడం కన్నా వేరే విద్య. ఆడటం బాగుంది అనిపించిన దగ్గర చాలామంది ఆపేసి, ఇంకో ఐడియా మొదలుపెడతారు. ఆ దగ్గరే అసలు పని మొదలవుతుంది. మొదటి తెర ఎలా ఉండాలి? మధ్యలో ఫోన్ వస్తే గేమ్ ఆగాలి కదా? బ్యాక్ బటన్ నొక్కితే ఏమవ్వాలి? సౌండ్ ఆపే చోటేది? పొడవు ఫోన్లో, ట్యాబ్‌లో తెర కుదురుగా ఉందా? ఆట మూసి తెరిస్తే నిన్నటి డబ్బులు ఉన్నాయా? ఇవన్నీ బోరుగానే ఉంటాయి. కానీ తొంభై సెకన్ల గేమ్‌కు ఇవన్నీ చేసినవాడు, తర్వాత పెద్దదానికీ చేయగలడు. అందుకే మొదటి గేమ్ చిన్నది కావాలంటున్నాను. చిన్నదైతేనే ఈ చివరి భాగం దాకా చేరతావు.

ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ వద్దు. గోడో ఇంజిన్ వాడు, ఇంజిన్ అంటే గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది), ఎంత సంపాదించినా వాటా అడగరు. డౌన్‌లోడ్ చిన్నదే, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మ గీసే భాగం) దగ్గర 'కంపాటిబిలిటీ' ఎంచుకో, గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో 2డీ గేమ్స్ హాయిగా నడుస్తాయి. అన్‌రియల్ అనే ఇంకో ఇంజిన్ నీ ల్యాప్‌టాప్‌కు బరువు. యూనిటీ అనే ఇంజిన్ నడుస్తుంది, ఉద్యోగాలకు పనికొస్తుంది కూడా. కానీ 2023 సెప్టెంబరులో వాళ్ళు ఇన్‌స్టాల్‌కు ఇంత అని ఫీజు ప్రకటించి, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవ చూశాక, సొంత ఇష్టానికి చేసుకునే పనికి ఎవరి చేతిలోనూ లేని పనిముట్టే మేలని నాకు గట్టిగా అనిపించింది. మెషీన్ చాలదని బాధ కలిగినప్పుడు, పై నుంచి దిమ్మెలు పడే ఆ టెట్రిస్ గేమ్‌ను తలచుకో. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ దాన్ని రాసిన కంప్యూటర్‌కు బొమ్మలు చూపించే శక్తే లేదు. బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి దిమ్మెలు చేశాడు.

ట్యుటోరియల్స్ విషయంలో నేను చెప్పేది ఒకటే. వీడియో ఒకసారి చూడు, మూసెయ్, చూడకుండా నువ్వు చెయ్. ఆగిపోయిన చోట మాత్రమే మళ్ళీ తెరువు. చేశాక అందులో ఒక్క నియమం నీ ఇష్టానికి మార్చు. బంతితో ఇటుకలు పగలగొట్టే గేమ్ అయితే, పగిలిన ఇటుక కిందపడి బంతికి అడ్డం రావాలని పెట్టు. ఆ ఒక్క మార్పు కోసం నువ్వు పడే తంటాలే నీకు వచ్చే చదువు. మొదట్లోనే అలవాటు చేసుకోవాల్సిన ఒక సాంకేతిక విషయం ఉంది: మనిషి చోటును నీ కోడ్‌లో నువ్వే మారుస్తుంటే, కదిలే వేగాన్ని డెల్టాతో గుణించు (గోడోలో move_and_slide వాడితే అది తనే చూసుకుంటుంది, మళ్ళీ గుణించొద్దు). ఫ్రేమ్ అంటే తెర మీద ఒక్కసారి గీసే బొమ్మ, డెల్టా అంటే కిందటి ఫ్రేమ్ నుంచి ఈ ఫ్రేమ్‌కు పట్టిన సమయం. అది లేకుండా ఫ్రేముకు ఇన్ని పిక్సెల్స్ అని రాస్తే, సెకనుకు 60 ఫ్రేములు వచ్చే ఫోన్లో మామూలుగా నడిచిన మనిషి, 120 వచ్చే ఫోన్లో రెండింతలు పరుగెత్తుతాడు, పాత ఫోన్లో పాకుతాడు. తొంభై సెకన్ల గేమ్‌లో అది అన్యాయమే కదా.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. గేమ్‌లో తెలుగు పెట్టు. మన యాసలోనే పెట్టు. ఆ వ్యాపారి 'ఇంతకుమించి ఎవరిస్తార్రా నీకు' అంటే అందులో మన నేల వినిపించాలి. కానీ తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా రావడం ఇంగ్లీషంత సులువు కాదు. 'లక్ష్మి' అన్న మాట మనకు రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ ఏడింటినీ కలిపి ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే పనిని షేపింగ్ అంటారు. అది చేయని ఇంజిన్‌లో పొల్లులు విడివిడిగా తేలుతూ, చదవలేని గందరగోళం వస్తుంది. గోడో 3లో ఈ ఇబ్బంది ఉండేది. గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీ లోపలే ఉంది కాబట్టి ఒత్తులు సరిగ్గా వస్తాయి. తెలుగు గేమ్‌కు గోడో 4 వాడమని చెప్పడానికి నాకు ఇదొక్కటి చాలు.

అయినా మూడు చోట్ల కన్నేసి ఉంచు. ఫాంట్‌ను ప్రాజెక్టులో కలుపు. నీ ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్ ఉంది కాబట్టి కలపకపోయినా కనిపిస్తుంది, వెబ్ వెర్షన్ పెట్టగానే అక్షరాల చోట డబ్బాలొస్తాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, సురన్న, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి, గేమ్‌లో కలిపి ఇవ్వొచ్చు. రెండోది, మాటలు ఒక్కో అక్షరంగా టైపు అవుతున్నట్టు చూపించే ఎఫెక్ట్. మామూలుగా పెడితే 'లక్ష్మి' వచ్చేటప్పుడు ముందు 'లక', తర్వాత 'లక్', తర్వాత 'లక్ష' అని మాట ఆకారం మారుతూ కంటికి గుచ్చుకుంటుంది. గోడోలో మాటలు చూపించే భాగాన్ని లేబుల్ అంటారు, దాని సెట్టింగుల్లో, కనిపించే అక్షరాలను షేపింగ్ ముందు లెక్కపెట్టాలా తర్వాతా అని ఒక ఎంపిక ఉంటుంది, తర్వాత అన్నది పెట్టు. మూడోది, ఎత్తు. మనకు పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లీషుకు సరిపోయిన బటన్‌లో 'స్త్రీ' అని రాస్తే కింద కోసుకుపోతుంది. బటన్లు, వరసల మధ్య ఖాళీ పెంచు, అక్షరం సైజు కూడా ఒక మెట్టు పెద్దది పెట్టు. మాటలన్నీ కోడ్‌లో రాయకుండా ఒక సీఎస్‌వీ ఫైల్లో (పట్టికలా ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు) తెలుగు ఒక గడి, ఇంగ్లీషు ఒక గడి పెట్టుకుంటే రెండు భాషల్లోనూ విడుదల చేయొచ్చు.

మన కథ మన వాళ్ళకే పరిమితం అవుతుందని అనుకోకు. టొరంటోలో ఉన్న ఒక చిన్న జట్టు 2023లో 'వెంబా' అని ఒక గేమ్ చేసింది. తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన ఒక అమ్మ వంటింటి కథ. మొదటి పజిలే ఇడ్లీ పాత్ర సర్దడం. మొత్తం గేమ్ ఒకటిన్నర గంట కూడా ఉండదేమో. దానికి 2024లో బ్రిటన్ బాఫ్టా గేమ్స్ అవార్డుల్లో తొలి గేమ్ విభాగంలో అవార్డు వచ్చింది. ఇడ్లీ ఎలా వేస్తారో తెలియని దేశాల్లో జనం దాన్ని ఆడి కళ్ళు తుడుచుకున్నారు.

బొమ్మలు, శబ్దాల గురించి క్లుప్తంగా. బొమ్మలకు క్రిటా, 3డీకి బ్లెండర్, శబ్దాలకు ఆడాసిటీ, అన్నీ ఉచితమే. బొమ్మలు గీయడం రాకపోతే కెన్నీ అనే డెవలపర్ పెట్టిన బొమ్మల కట్టలు ఉన్నాయి, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. ఎక్కడి నుంచి తీసుకున్నా లైసెన్సు చదివి, ఏ ఫైలు ఎక్కడిదో ఒక నోట్‌లో రాసిపెట్టుకో. సినిమా పాట ముక్క, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అసలు ముట్టుకోవద్దు. శబ్దాలకైతే నీ ఫోనే చాలు. వాన పడ్డాక చేలోకి పోయి, బురదలో చెప్పుల చప్పుడు, రెండు రాళ్ళు తాకించిన చప్పుడు రికార్డు చెయ్. కొని తెచ్చిన శబ్దాలకు ఆ జీవం రాదు.

సమయం. ఉద్యోగం చేసి వచ్చాక రోజుకు ఒక గంట దొరికితే గొప్ప. ఎండాకాలంలో అదీ కష్టం, గదిలో ఉక్క, మధ్యలో కరెంటు పోవడం. ఆ గంట నిలవాలంటే, ఆపే ముందు రేపు చేయాల్సిన పని ఒక్క వాక్యం రాసిపెట్టు. 'గేమ్ బాగుచేయాలి' అని కాదు, 'సంచి నిండినప్పుడు మెసేజ్ రావాలి' అని. మరుసటి రాత్రి అలిసిపోయి కూర్చున్నప్పుడు ఆ వాక్యం నిన్ను నేరుగా పనిలోకి దింపుతుంది. ప్రతిరోజూ పనిని గిట్‌లో (మార్పులన్నిటినీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి గిట్‌హబ్‌కు (ఆ కాపీని ఆన్‌లైన్‌లో ఉంచే సైటు) పంపు. ల్యాప్‌టాప్ పోయినా గేమ్ పోకూడదు. పెళ్ళిళ్ళు, పండగలు, ఆఫీసు పని వచ్చి రెండు వారాలు ముట్టుకోలేకపోతే బాధపడకు, ఇది ఎవరి గడువూ లేని పని.

అలాగే తొందరగా ఎవరితోనైనా ఆడించు. నేను పులిజూదాన్ని ఫోన్లోకి తెస్తున్నప్పుడు, ప్రొద్దుటూరు దగ్గర మా బంధువుల ఊళ్ళో ఒక పెద్దాయనకు ఫోన్ ఇచ్చాను. మూడు పులులు, పదిహేను మేకలు, గీతల పటం, అంతా ఆయనకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఆటే. అప్పటిదాకా ఆడిన కుర్రాళ్ళందరూ మేక మీద ఒకసారి, వెళ్ళాల్సిన చోట ఒకసారి నొక్కేవాళ్ళు. ఈయన మేక మీద వేలు పెట్టి, ఎత్తకుండా, గీత వెంబడే ఈడ్చాడు. బండ మీద గులకరాయి జరిపినట్టే జరిపాడు. నేను నోరు మూసుకుని చూశాను. రెండోసారీ అలాగే ఈడ్చాడు. ఆ రాత్రి ఈడ్చే పద్ధతి కూడా కలిపాను, ఇప్పుడు అందరూ అలాగే ఆడుతున్నారు. ఎవరికైనా గేమ్ ఇచ్చినప్పుడు 'ఇక్కడ నొక్కు' అని చెప్పకు. విడుదలయ్యాక ప్రతి ఫోన్ పక్కనా నువ్వు కూర్చోలేవు. వాళ్ళ వేళ్ళను చూడు, ఎక్కడ ఆగుతున్నారో చూడు. 'బాగుంది అన్నా' అన్న మాటను పెద్దగా లెక్కలోకి తీసుకోకు. అడగకుండానే రెండోసారి మొదలుపెట్టారా అన్నది చూడు.

బయటపెట్టే చోట్లు మూడు. ముందు ఇచ్ డాట్ ఐవో, చిన్న డెవలపర్లు గేమ్స్ పెట్టుకునే సైటు. ఉచితం, అనుమతులు అక్కర్లేదు, బ్రౌజర్లోనే ఆడించొచ్చు. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక గేమ్ జామ్ నడుస్తుంటుంది, రెండు మూడు రోజుల్లో ఇచ్చిన అంశం మీద గేమ్ పూర్తి చేయాలి. 2002 నుంచి నడుస్తున్న లుడమ్ డేర్, 2009 నుంచి ఏటా జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్ ఇలాంటి జామ్‌లలో పేరున్నవి. పూర్తి చేసే విద్యను నేర్పడంలో జామ్‌ను మించింది లేదు, ఎందుకంటే ఆదివారం సాయంత్రానికి ఎలా ఉన్నదాన్ని అలాగే ఇచ్చేయాలి. రెండోది ప్లే స్టోర్. 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. కానీ కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక షరతు ఉంది: విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. నీ బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఉంది కదా, దాన్ని వాడుకో. ముందే అడిగి పెట్టుకో, చివరి నిమిషంలో 12 మంది దొరకరు.

మూడోది స్టీమ్. గేమ్‌కు 100 డాలర్లు, మన డబ్బులో దాదాపు 9 వేలు. అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే అది తిరిగి ఇస్తారు. అమ్మకాల్లో 30 శాతం వాళ్ళు తీసుకుంటారు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి అడగొచ్చు. చిన్న గేమ్స్ చేసేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. నీ మొదటి రెండు మూడు గేమ్స్‌కు స్టీమ్ జోలికి పోవద్దు. ఇచ్‌లో పెట్టినప్పుడు తెలియనివాళ్ళు వచ్చి 'దీని తర్వాత భాగం ఎప్పుడు' అని అడగడం మొదలైతే, అప్పుడు ఆ 9 వేలు ఖర్చుపెట్టు. ఉద్యోగం గురించి మళ్ళీ ఆలోచించుకోవడానికైనా అదే సమయం, అంతకుముందు కాదు.

ఫ్యాక్షన్ గేమ్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టు. దాన్ని పారేయమనడం లేదు. వజ్రాల గేమ్ లాంటివి కొన్ని పూర్తి చేశాక మళ్ళీ తెరిస్తే, అందులో ఒక్క ఇల్లు, ఒక్క రాత్రి, తలుపు కొడుతున్న ఒక్క మనిషి చాలనిపించవచ్చు. అప్పుడు అది నువ్వు చేయగల గేమ్ అవుతుంది.

ఎర్ర డబ్బా, తెల్ల చుక్కల వెర్షన్ ఆడేలా కాగానే ఇచ్‌లో పెట్టి లింకు ఇక్కడే ఇవ్వు. డౌన్‌లోడ్ చేసుకునే జిప్ ఫైలుగా కాకుండా బ్రౌజర్లో ఆడేలా పెట్టు, డౌన్‌లోడ్ అంటే సగంమంది తెరవరు. నేను ఫోన్లో ఆడి, మెరుపు ఎంతసేపు ఉంటే బాగుంటుందో నా లెక్క చెప్తాను. మీ నాయన ఆడితే ఆయన ఎన్ని రాళ్ళు ఏరాడో కూడా రాయి.